తుపాకీ వేలు

మాస్టారు “స్టాప్” అన్నారు. నేను పిస్టల్‌ని ముందున్న బల్ల మీద ఆనించాను. పిస్టల్ ఆనింది కానీ నా చెయ్యి దాన్ని వదల్లేదు.

ఏం జరుగుతోందో ముందు అర్థం కాలేదు. బొటనవేలు తెరుచుకుంది, చూపుడు వేలు తెరుచుకుంది. ఉంగరపు వేలు మాత్రం చెక్క పిడిని చుట్టుకుని అలాగే ఉండిపోయింది. తెరుచుకోమంటే వినడం లేదు. కంగారులో ఎడమ చేత్తో ఆ వేలిని పట్టుకుని లాగాను. లాగిన ఊపుకి పిస్టల్ మూతి పక్కకు తిరిగింది. పక్క లేన్‌లో ఇంటర్ చదివే అమ్మాయి వంగుని పెల్లెట్ గుళ్ళ డబ్బాకి మూత పెట్టుకుంటోంది.

“మూతి ముందుకి! మూతి ముందుకి పెట్టమ్మా!”

మాస్టారు అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. అదే క్షణంలో వేలు టక్‌మని తెరుచుకుంది. మణికట్టు దాకా నొప్పి పాకింది. పిస్టల్‌లో పెల్లెట్ లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, మాస్టారికీ తెలుసు. అయినా ఆ అమ్మాయి తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. నాకూ ఒక కూతురుంది.

ఇది జరిగి ఏడాది దాటింది. చేతి వేళ్ళతో ఇబ్బంది పడుతున్నవాళ్ళకి, ముఖ్యంగా ఇంటిపని చేసుకునే నాలాంటి ఆడవాళ్ళకి, పనికొస్తుందేమో అని రాస్తున్నాను. పిల్లలు నిద్రపోయాక గాని నాకు కాగితం ముందు కూర్చునే వీలు ఉండదు. అందుకని రెండు మూడు రాత్రులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. చెయ్యి అలిసిపోతే ఆపేస్తున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటగానే కాలవ. మా ఆయన సముద్రంలో గ్యాస్ రిగ్గు మీద పని చేస్తారు. పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇంటి దగ్గర. పాప జెస్సీకి ఎనిమిదేళ్ళు, బాబు అభికి నాలుగు. అత్తయ్య మాతోనే ఉంటుంది. నేను అమలాపురంలో బీఎస్సీ చదివాను. ఎన్‌సీసీలో ఉన్నప్పుడు రైఫిల్ ఫైరింగ్ బాగా చేసేదాన్ని. అభి పుట్టాక నాకు భయం అనే జబ్బు పట్టుకుంది. పిల్లాడు కనబడకపోతే కాలవ వైపు పరిగెత్తేదాన్ని. వాడు మంచం మీద నిద్రపోతుంటే కూడా లేచి వెళ్ళి ఊపిరి చూసేదాన్ని. అలాంటప్పుడు కాలేజీ స్నేహితురాలు ఒకామె, అమలాపురంలో ఒక మేడ మీద రేకుల షెడ్డులో ఎయిర్ పిస్టల్ నేర్పుతున్నారని చెప్పింది. ఆ రేంజిని సైన్యంలో పని చేసి రిటైరైన ఒక మాస్టారు నడుపుతున్నారు. పది మీటర్ల దూరంలో కాగితం మీద చిన్న నల్లటి చుక్క. దాన్ని చూస్తూ ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ మెల్లగా నొక్కాలి. వారానికి రెండు రోజులు బస్సెక్కి వెళ్ళేదాన్ని. రోజంతటిలో నా మనసు కాలవ గట్టు మీద కాకుండా ఇంకొకచోట ఉండేది ఆ ఒక్క గంటే. పోటీలు, స్కోర్లు తర్వాత వచ్చాయి. నాకు కావలసింది ముందుగా ఆ గంట. ఈ వేలి జబ్బు నా దగ్గర్నుంచి పట్టుకుపోయింది కూడా దాన్నే.

ఆ రోజు మాస్టారు నన్ను తిట్టలేదు. అందరూ వెళ్ళాక కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి చూశారు.

“ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?”

“పొద్దున్న లేవగానే కొంచెం బిగుసుకుంటుందండి. వేన్నీళ్ళు తగిలితే సర్దుకుంటుంది.”

“అంటే నీకు తెలుసన్నమాట. తెలిసీ గన్ పట్టుకున్నావు.” నా చెయ్యి వదిలేశారు. “నీ స్కోరు సంగతి నాకొద్దు. ఆ వేలు నీ మాట వినేదాకా నా రేంజిలో గన్ ముట్టుకోకు. నేను స్టాప్ అంటే చెయ్యి తెరుచుకోవాలి. తెరుచుకున్న రోజు రా.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాను. రాష్ట్రస్థాయి పోటీకి రెండు నెలలే ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పి.గన్నవరం దాకా వేలు ముడుస్తూ తెరుస్తూ వచ్చాను.

రాజోలులో ముందు చూపించిన డాక్టరు గారు బెణుకు అనుకుని క్రేప్ బ్యాండేజీ కట్టి, నొప్పి మాత్రలు, పూసుకునే జెల్ రాశారు. పది రోజులు వాడాను. మాత్ర వేసుకున్న పూట నొప్పి తగ్గేది కానీ వేలు ఇరుక్కోవడం తగ్గలేదు. పొద్దున్నే నిద్ర లేచేసరికి ఉంగరపు వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉండేది. ఎడమ చేత్తో పట్టి లేపితే టక్‌మనేది. అభికి అది పెద్ద ఆట. నాకంటే ముందే లేచి నా పక్కన కూర్చునేవాడు.

“అమ్మా, టక్ అనిపించు.”

నేను వాడి కోసం నవ్వుతూ అనిపించేదాన్ని. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. “మళ్ళీ” అనేవాడు.

తర్వాత అమలాపురంలో ఆర్థోపెడిక్ డాక్టరు గారి దగ్గరకి వెళ్ళాం. అత్తయ్య తోడు వచ్చింది. ఆయన నా అరచేతిలో, ఉంగరపు వేలు మొదట్లో నొక్కి, వేలు ముడిచి తెరవమన్నారు. లోపల చిన్న గోళీలాంటిది కదలడం నాకే తెలిసింది.

“ట్రిగ్గర్ ఫింగర్,” అన్నారు. “ఏం చేస్తుంటారు?”

“ఇంట్లోనే ఉంటానండి. ఎయిర్ పిస్టల్ షూటింగ్ చేస్తాను.”

ఆయన నవ్వేశారు. “ఇంకేం, పనికి తగ్గ జబ్బే వచ్చింది మీకు.”

అది సరదాగా అన్న మాట. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. ఆ వెంటనే చాలా విషయాలు చెప్పారు. గట్టిగా పట్టుకునే పనులన్నీ మానెయ్యాలన్నారు. రాత్రిపూట వేలు వంగకుండా స్ప్లింట్ అనే పట్టీ పెట్టుకోవాలన్నారు. షుగరు, థైరాయిడ్ పరీక్షలు రాశారు. ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. పరీక్షలు రెండూ నార్మల్ వచ్చాయి. కానీ ఇంటికి వచ్చేసరికి అత్తయ్య బుర్రలో, నా బుర్రలో మిగిలింది ఒక్క మాటే. ట్రిగ్గర్.

“చూసేవా, డాక్టరు గారు కూడా చెప్పేరు. ఆ తుపాకీ వల్లే,” అంది అత్తయ్య బస్సులో అందరికీ వినబడేలా. “ఆడపిల్లకి తుపాకీ ఏంటే అంటే నా మాట విన్నావా? పిల్లల తల్లివి.”

నేను బీఎస్సీ చదివాను. ట్రిగ్గర్ నొక్కేది చూపుడు వేలనీ, బిగుసుకుపోయింది ఉంగరపు వేలనీ నాకు తెలుసు. అయినా ఆ పేరు వినగానే నేనూ నమ్మేశాను. పేరులోనే కారణం ఉందనుకున్నాను. ఒక ట్రిగ్గర్ నొక్కి నొక్కి, నా చేతులారా నేనే తెచ్చుకున్నానని తల దించుకున్నాను.

మా పేటలో ప్రతి గురువారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. ఆ వారం మా ఇంట్లో. పాటలయ్యాక ఎవరికి ఏ అవసరం ఉందో చెప్పుకుంటారు. ఒకరి కొడుకు వీసా, ఒకరి మోకాళ్ళు. అత్తయ్య లేచి నిలబడింది.

“మా కోడలి తుపాకీ వేలు కోసం ప్రార్థన చెయ్యండమ్మా.”

అందరూ నా చెయ్యి వైపు తిరిగారు. పక్కింటి పిన్నిగారు, “ఏదమ్మా, చూడనీ,” అన్నారు. నేను ఉంగరపు వేలు చూపించాను.

“అది కాదే. తుపాకీ వేలు చూపించు.”

“ఇదేనండి పిన్నిగారూ.”

“తుపాకీ ఉంగరపు వేలితో పేలుస్తారా ఏంటి?” అని ఆవిడ ఆశ్చర్యపోయారు. ఆ గదిలో సరైన ప్రశ్న వేసింది ఆవిడ ఒక్కరే. నేను దానికి జవాబు ఆలోచించకుండా నవ్వి ఊరుకున్నాను. అప్పటి నుంచి పేటలో దానికి తుపాకీ వేలు అన్న పేరే స్థిరపడిపోయింది. జెస్సీ కూడా బడిలో అలాగే చెప్పుకుంది. రేంజికి పట్టుకెళ్ళే నా సంచిని అది ముట్టుకోవడం మానేసింది. తమ్ముణ్ణి కూడా దగ్గరకు వెళ్ళనిచ్చేది కాదు. “ముట్టుకుంటే వేలు పోద్ది” అనేది.

సంచి బీరువా పైన పెట్టేశాను. పోటీ దాటిపోయింది. మాస్టారికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. “తొందర లేదమ్మా” అన్నారు.

రేంజికి వెళ్ళని ఆ రెండు రోజులూ మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. ఏం చేశానో చెప్తాను. ఈ కథకి కీలకం అక్కడే ఉంది. కానీ ఆ సంగతి నాకు ఏడెనిమిది నెలల వరకు తెలియలేదు.

మా దొడ్లో పదిహేను కొబ్బరి చెట్లున్నాయి. మట్ట రాలితే అత్తయ్య దాన్ని పొయ్యిలోకి పోనివ్వదు. ఆకు ఆకు విడదీసి, కత్తితో ఆకు గీసి ఈనె తీసి, కట్ట కడుతుంది. చీపుర్లు కట్టేవాళ్ళు వచ్చి పట్టుకెళతారు. డబ్బు కోసం కాదు, చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఆవిడకి చేతకాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధరుగు మీద కూర్చుంటే పిన్నిగారు వస్తారు, ఇంకొకరు వస్తారు. ఊసులాడుకుంటూ ఈనెలు తీస్తారు. నేనూ పక్కన కూర్చుని తీసేదాన్ని. అది పనని ఎవరూ అనుకోరు. ఎవరైనా వచ్చి “ఏం చేస్తున్నారమ్మా?” అంటే, “ఏం లేదండి, ఊరికే కూర్చున్నాం” అంటాం. అప్పుడు కూడా కత్తి మా చేతుల్లోనే ఉంటుంది.

పిస్టల్ మానేశాక నేను ఊరికే కూర్చోవడం ఎక్కువైంది.

ఆరు వారాలకి వేలు ఇంకా మొండికేసింది. డాక్టరు గారు చూసి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేద్దామన్నారు. “షూటింగ్ చేస్తున్నారా?” అని అడిగారు. “పూర్తిగా మానేశానండి” అన్నాను. అబద్ధం కాదు. అరచేతిలోకి సూది దిగినప్పుడు గట్టిగా అరిచేశాను. ప్రసవాల్లో కూడా అంతలా అరవలేదు. రెండు రోజులు చెయ్యి ఉబ్బి, తర్వాత నెమ్మదిగా తగ్గింది. పదో రోజు పొద్దున్న నిద్ర లేచి చూస్తే వేలు తిన్నగా ఉంది. అభి అలవాటుగా వచ్చి కూర్చున్నాడు.

“టక్ రాలేదేంటి?” అని వాడు నిరాశపడ్డాడు.

ఆ రోజు జెస్సీకి రెండు జడలూ బిగించి వేశాను. మా ఆయన రిగ్గు మీద నుంచి ఫోన్ చేస్తే, “తగ్గిపోయిందండి” అని ఏడ్చాను. “తగ్గితే ఏడుస్తావేంటి?” అన్నారాయన. రేంజికి వెళ్దామా అని మనసు పీకింది. ఇంకొక నెల ఆగితే మంచిదని నేనే ఆగాను. మళ్ళీ పిస్టల్ పట్టుకుంటే మళ్ళీ వస్తుందని భయం.

ఆ నెలలోనే తుఫాను వచ్చింది. మూడు రోజులు గాలి. దొడ్డి నిండా మట్టలు పడిపోయాయి. అత్తయ్యకి అంతకంటే పండగ లేదు. వారం రోజులు అరుగు మీదే ఉన్నాం. నాకు నొప్పి లేదు. నొప్పి లేనప్పుడు కూర్చోనని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

తర్వాత ఒక సోమవారం పొద్దున్న జెస్సీకి జడ వేస్తున్నాను. పాయ తిప్పుతుంటే వేలు బిగుసుకుపోయింది. జుట్టు అందులో ఇరుక్కుంది. జెస్సీ ఒక్కసారి కేక పెట్టింది. విడిపిద్దామని చూస్తే ఇంకా లాగుతోంది. బడి ఆటో బయట హారన్ కొడుతోంది. చివరికి అత్తయ్య వచ్చి ఒక్కొక్క వెంట్రుకా విడదీసింది. ఈసారి వేలు ఎడమ చేత్తో లాగినా రాలేదు. వేన్నీళ్ళలో పావుగంట పెడితే గాని రాలేదు.

మర్నాడు జెస్సీ జుట్టంతా వెనక్కి లాగి, ఒక రబ్బరు బ్యాండు తనే పెట్టుకుని నా ముందుకొచ్చింది. “ఇంక నేనే వేసుకుంటాలే అమ్మా,” అంది. పిలక ఒక పక్కకి వంగి ఉంది. సరిచేస్తానంటే వెనక్కి జరిగింది. ఈ జబ్బులో నేను పూర్తిగా కుంగిపోయింది ఆ పూటే.

అమలాపురం డాక్టరు గారు మళ్ళీ చూసి, రెండో ఇంజెక్షన్ చెయ్యొచ్చు కానీ కాకినాడలో చేతుల సర్జరీ మాత్రమే చేసే డాక్టరు ఉన్నారు, ఒకసారి చూపించుకోండని చీటీ రాసిచ్చారు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. పిల్లల్ని పిన్నిగారికి అప్పజెప్పి నేనూ అత్తయ్యా బయల్దేరాం. నా ఫైలు అత్తయ్య చేతిలో ఉంది. నా చేతిని నమ్మేది కాదావిడ.

ఆ డాక్టరు గారు వయసులో చిన్నవారు. స్కాన్ చూపించి నెమ్మదిగా చెప్పారు. “టెండన్ అంటే తాడు లాంటిదండి. దాన్ని ఎముకకి పట్టి ఉంచే ఉంగరం లాంటిది పుల్లీ. తాడు వాచింది, ఉంగరం బిగుసుకుంది. లోపలికి వెళ్ళింది తిరిగి రాలేకపోతోంది.”

“దారానికి ముడి పడితే సూదిలో దూరనట్టన్నమాట,” అంది అత్తయ్య.

“సరిగ్గా చెప్పేరు మామ్మగారూ.”

ఆ మెచ్చుకోలుకి అత్తయ్యకి ధైర్యం వచ్చింది. “అంతా ఆ తుపాకీ వల్లే కదండీ? మీరైనా గట్టిగా చెప్పండి దీనికి.”

డాక్టరు గారు అత్తయ్య చాపిన ఫైలు వైపు చూస్తున్నారు. ఫైలు వైపు కాదు, దాన్ని పట్టుకున్న చేతి వైపు.

“ఫైలు అక్కడ పెట్టి మీ చెయ్యి ఒకసారి తెరవండి మామ్మగారూ.”

“నాకేం లేదండి. చూపించుకోవాల్సింది ఇది.”

“ఒక్కసారి.”

అత్తయ్య చెయ్యి తెరిచింది. మధ్య వేలు, ఉంగరపు వేలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. నేను పదేళ్ళుగా ఆ చేతి వంట తింటున్నాను. ఒక్కనాడు చూడలేదు.

“ఇది ఎన్నాళ్ళ నుంచి?”

“ఇదా? ఇది రోగం కాదండి. పొద్దున్నే ముడుచుకుంటాయి, పాలు కాచేటప్పుడు గిన్నెకి ఆనిస్తే సర్దుకుంటాయి. మా అమ్మకీ ఇలాగే ఉండేది. ముసలితనం.”

“మీరు కూడా పిస్టల్ పేలుస్తారా?”

గదిలో ఉన్న నర్సు పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంది. అత్తయ్య చెయ్యి కొంగు కిందకి లాక్కుంది.

“మీ ఇద్దరూ కలిసి చేసే పని ఏంటి?” అని అడిగారు డాక్టరు గారు.

“ఏముందండి, వంటా వార్పూ.”

“ఇంకా?”

“బట్టలు.”

“మధ్యాహ్నం?”

“మధ్యాహ్నం ఏం చెయ్యమండి. ఊరికే కూర్చుని ఈనెలు తీసుకుంటాం.”

ఆ మాట అన్నది నేనే. అంటూ ఉండగానే నా చెయ్యి గాలిలో కత్తి పట్టుకున్నట్టు బిగుసుకుంది. కత్తి పిడి ఎక్కడ నొక్కుకుంటుందో, అరచేతిలో నొప్పి సరిగ్గా అక్కడే ఉంది.

డాక్టరు గారు విడమర్చి చెప్పారు. ట్రిగ్గర్ ఫింగర్ అన్న పేరు వేలు టక్‌మని తెరుచుకునే తీరుని బట్టి పెట్టింది తప్ప, తుపాకీ పేల్చేవాళ్ళకి వస్తుందని కాదట. చాలామందికి ఏ కారణమూ కనబడకుండానే వస్తుందట. షుగరు ఉన్నవాళ్ళకి ఎక్కువ. గట్టిగా పట్టుకుని ఒకే పని గంటల తరబడి చేస్తే ముదురుతుంది. “పిస్టల్‌ది అసలేం లేదని నేననను. అదీ పట్టుకోవడమే కదా. కానీ వారానికి రెండు గంటలు చేసేది మానేసి, రోజుకి మూడు గంటలు చేసేది పెంచేరు మీరు.”

తిరుగు బస్సు యానాం దాటింది. అత్తయ్య తన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ, “మా అమ్మ చనిపోయినప్పుడు కూడా పిడికిలి తెరుచుకోలేదే,” అంది. “పెట్టెలో పెట్టేటప్పుడు చేతులు జోడిద్దామని చూస్తే రాలేదు. పాపం, ఏదో పట్టుకుని వెళ్ళిపోతోంది అనుకున్నాం.”

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరివీ వంకర చేతులే.

నాకు సర్జరీ చేద్దామన్నారు. బిగుసుకున్న ఆ ఉంగరాన్ని కోసి వదులు చేస్తారు, ఎ-వన్ పుల్లీ రిలీజ్ అంటారు. లోకల్ అనస్థీషియా, అంటే చేతికి మాత్రమే మత్తు. నేను మెలకువగానే ఉన్నాను. మధ్యలో గుడ్డ అడ్డం కట్టారు. పది పదిహేను నిమిషాల తర్వాత డాక్టరు గారు, “ఇప్పుడు వేలు ముడవండి. తెరవండి,” అన్నారు. తెరిచాను. టక్ లేదు. “మళ్ళీ.” టక్ లేదు. గుడ్డ ఇవతల నుంచి నాకేమీ కనబడలేదు. కళ్ళు మూసుకుని ఇంకొక రెండుసార్లు, ఎవరూ అడగకుండానే, ముడిచి తెరిచాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అసలు విసుగు తర్వాత మొదలైంది. రెండు వారాలకి కుట్లు విప్పారు. వేలు ఇరుక్కోవడం పోయింది కానీ గట్టిపడిపోయింది. పిడికిలి పూర్తిగా పట్టేది కాదు. మచ్చ మీద గరిటె కాడ తగిలినా ప్రాణం పోయేది. ఫిజియోథెరపీలో మైనం కరిగించిన తొట్టెలో చెయ్యి ముంచేవారు. ఇంటి దగ్గర రోజుకి ఐదుసార్లు టెండన్ గ్లైడింగ్ వ్యాయామాలు. ముందు కొక్కెంలా, తర్వాత బల్లలా, తర్వాత పిడికిలి. కొన్నిరోజులు మానేశాను, నిజమే చెప్పాలి. పిల్లలకి జ్వరాలు వచ్చిన వారం ఒక్కసారి కూడా చెయ్యలేదు. వారం చివరికి వేలు మళ్ళీ మొదటికొచ్చినట్టు అనిపించి, భయంతో కాకినాడ ఫోన్ చేశాను. “మొదటికి రాలేదమ్మా, బద్ధకించింది. మళ్ళీ మొదలుపెట్టండి,” అన్నారు. మా ఆయన ఇంటి దగ్గరున్న పద్నాలుగు రోజులూ బట్టలు పిండడం, పచ్చడి రుబ్బడం ఆయనే చేసేవారు. మిగతా పద్నాలుగు రోజులూ పనులు ఎప్పటిలాగే ఉండేవి. కొన్ని చేశాను, కొన్ని వదిలేశాను. మురికి బట్టలు చూస్తూ ఊరుకోవడం కూడా నేర్చుకోవలసిన విషయమే. నాకింకా పూర్తిగా రాలేదు.

అత్తయ్యకి అమలాపురంలోనే ఇంజెక్షన్ చేయించాం. ఒక వేలు తెరుచుకుంది. రెండోది, “చాలా ఏళ్ళైపోయింది, అంతే” అన్నారు. ఆవిడకి కాగితం మీద మందులు రాసిచ్చినప్పుడు పైన ట్రిగ్గర్ ఫింగర్ అని ఉంది. చదివి వినిపించమంది. వినిపించాను. “ఆయ్, నాకూ తుపాకీ వేలేనన్నమాట,” అని ఫార్మసీ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. కానీ గురువారం కూటంలో ఆ సంగతి ఎత్తలేదు.

సర్జరీ అయి ఆరు నెలలు దాటాక, ఇవాళ, రేంజికి వెళ్ళాను.

మాస్టారు పిస్టల్ ఇవ్వలేదు. ముందు చెయ్యి చాపమన్నారు. పదిసార్లు ముడిచి తెరవమన్నారు. తర్వాత మచ్చ ఎక్కడుందో వేలితో తడిమి, చెక్క పిడి మీద పెన్సిల్‌తో అక్కడే గీత గీసి, గరుకు కాగితంతో అరగదీయడం మొదలుపెట్టారు. అరగంట పట్టింది. నేను పక్కన కూర్చుని చెక్క పొడి రాలడం చూస్తున్నాను.

“ఎన్ని గుళ్ళు వేస్తావు?”

“పోటీలో లాగా అరవై వెయ్యాలనుందండి.”

“పది.”

పదే వేశాను. స్కోరు చెప్పుకునేలా లేదు. ఒకటైతే నల్లచుక్కకి తగలనే లేదు. కాలవ గుర్తొచ్చిందా అంటే, రాలేదు. పదోది అయ్యాక మాస్టారు నా వెనక నిలబడి “స్టాప్” అన్నారు.

పిస్టల్‌ని బల్ల మీద ఆనించాను. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఐదూ తెరుచుకున్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పిస్టల్ మూతి ముందుకే ఉంది.

“వచ్చే మంగళవారం పదిహేను,” అన్నారు మాస్టారు.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. చలి పొద్దున వేలు కొంచెం బిగిసినట్టుంటుంది. మచ్చకి వేడి గిన్నె తగిలితే మంట. అరవై గుళ్ళు వేసే రోజు వస్తుందో రాదో తెలియదు. ఎదురుచూడడానికి ఒక మంగళవారం ఉంది, అంతే.

మీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. చేతి నొప్పితో డాక్టరు దగ్గరకి వెళ్ళే ముందు ఒక రోజంతా, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా, మీ చెయ్యి ఏమేం పట్టుకుందో ఎంతసేపు పట్టుకుందో ఒక కాగితం మీద రాసుకోండి. పని అనిపించనిది కూడా రాయండి. “ఊరికే కూర్చున్నాను” అని రాయబోతే, అప్పుడు చేతిలో ఏముందో చూసుకోండి. ఆ కాగితం డాక్టరుకి చూపించండి. నేను మొదటి రోజే అలా చేసి ఉంటే కొన్ని నెలలు మిగిలేవి.

రాత్రి ఇక్కడిదాకా రాసి పడుకున్నాను. మిగతాది పొద్దున్న పిల్లల్ని బడికి పంపాక రాస్తున్నాను.

అభి ఎప్పటిలాగే వచ్చి పక్కన కూర్చుని నా వేలు పట్టుకుని ఊపాడు. టక్ రాలేదు. వాడికి ఇప్పుడు అలవాటైపోయింది, లేచి వెళ్ళిపోయాడు. జెస్సీ దువ్వెన పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. నిన్న నేను ఎక్కడికి వెళ్ళానో దానికి తెలుసు. నా చెయ్యి వైపే చూస్తోంది. దగ్గరకి పిలిచి, ఐదు వేళ్ళూ తెరిచి చూపించాను. కాసేపు ఆలోచించి వెనక్కి తిరిగి కూర్చుంది. రెండు జడలూ వేశాను, వదులుగానే.

దొడ్లో రాత్రి గాలికి రెండు మట్టలు పడి ఉన్నాయి. అత్తయ్య అప్పుడే వాటి వైపు చూస్తోంది.

పిల్లలిద్దర్నీ అరుగు మీద నిలబెట్టి ఇలా చెప్పాను. “అమ్మ వేలు తుపాకీ వల్ల పాడవలేదు. ఆ సంచి మీరు ముట్టుకున్నా మీ వేళ్ళకేం కాదు, కానీ అడిగి ముట్టుకోండి. ఇంకొకటి. అమ్మకి ఇప్పుడు నొప్పి లేదు. అయినా ఈనెలు తియ్యదు. నాయనమ్మ కత్తి ఎక్కడుందని అడిగితే, తెలీదని చెప్పండి.”